నేర్పాల్సినవాళ్లే నిందిస్తే

ఏటా ఒక నివేదిక వస్తుంది. చదువు ముగించుకుని బయటికొచ్చిన పిల్లల్లో సగం మంది ఏ ఉద్యోగానికీ పనికిరారని తేల్చేస్తుంది. మర్నాడు పేపర్లలో అదే పతాక శీర్షిక. ఆ వారంలోనే ఏదో స్టార్ హోటల్ సదస్సులో ఒక కంపెనీ పెద్దాయన లేచి ‘ఉద్యోగాలున్నాయి, మనుషులే లేరు’ అంటాడు. పక్కనున్న మంత్రిగారు తలూపి సిలబస్ మార్చేస్తామని, పరిశ్రమలతో కలిసి కొత్త నైపుణ్య కేంద్రం పెడతామని హామీ ఇస్తారు. టీవీలో అది చూసిన తండ్రి, పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కొడుకు వైపు ఓ చూపు చూస్తాడు. నేరం ఎవరిదో తేలిపోయింది కదా!

ఈ తీర్పును నేను ఒప్పుకోను. నైపుణ్యాల కొరత అని ఇరవై ఏళ్లుగా మనకు చెబుతున్న దానిలో చాలా భాగం నిజానికి ఒక ఖర్చు తగాదా. కొత్తగా చేరినవాడికి పని నేర్పే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే ఆ తగాదా. అందులో యజమానులు గెలిచారు. ఖర్చు తల్లిదండ్రుల మీదా ప్రభుత్వ ఖజానా మీదా పడింది. నింద మాత్రం పిల్లల మీద పడింది.

ముందు ఆ నివేదికల సంగతే చూద్దాం. బహుళజాతి కంపెనీల్లో పనికొచ్చే భారతీయ ఇంజనీర్లు నాలుగో వంతేనని 2005లో మెకిన్సే చెప్పింది. దశాబ్దం గడిచాక ఆస్పైరింగ్ మైండ్స్ అనే సంస్థ నూటికి 80 మంది పనికిరారంది. 2017లో అదే సంస్థ, సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామింగ్‌కైతే 95 మంది పనికిరారని ఇంకో అడుగు ముందుకేసింది. 2024 నాటి ఇండియా స్కిల్స్ రిపోర్టులో వీబాక్స్ సంస్థ ఉద్యోగార్హత ఉన్నవాళ్లు 51.25 శాతమంది. కేంద్ర ఆర్థిక సర్వే ఆ అంకెను యథాతథంగా ఎత్తి రాసుకుంది. ఒకసారి పాతిక, ఒకసారి ఇరవై, ఒకసారి అయిదు, ఇంకోసారి యాభై ఒకటి. కాలేజీలు అవే, మాస్టార్లు వాళ్లే. ఎవరి కొలబద్ద వాళ్లది కాబట్టి అంకెలు ఇలా గెంతుతున్నాయి. ఈ కొలబద్దలు పట్టుకున్న ఆస్పైరింగ్ మైండ్స్, వీబాక్స్‌ల వ్యాపారమేమిటి? నియామక పరీక్షలు తయారుచేసి కంపెనీలకూ కాలేజీలకూ అమ్మడం. వడపోత యంత్రం అమ్మేవాడు నీళ్లు బాగున్నాయని ఎందుకంటాడు?

పోనీ, ఆ అంకెలే నిజమనుకుందాం. నాస్కామ్ లెక్క ప్రకారం 2023–24లో మన ఐటీ రంగం ఆదాయం 25,400 కోట్ల డాలర్లు. అందులో పనిచేసేవాళ్లు 54 లక్షల పైచిలుకు. మెకిన్సే నాలుగో వంతని చెప్పిన నాటి నుంచి ఈ రంగం ఎన్నో రెట్లు పెరిగింది. పనికిరాని మనుషులతో ఇంత పని ఎలా జరిగింది? న్యూయార్క్ బ్యాంకుల సర్వర్లు ఇన్నేళ్లు ఎవరి చేతుల మీద నడిచాయి? ‘పనికిరారు’ అని ముద్ర పడిన కాలేజీల నుంచి వచ్చిన వాళ్ల చేతుల మీదనే. వాళ్లు చేరాక నేర్చుకున్నారు, నేర్పించారు కాబట్టి నేర్చుకున్నారు.

ఇక కొరత మాట. ఏ సరుకుకైనా కొరత వస్తే ధర పెరుగుతుంది. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో రెండు వందల దరిదాపులకు వెళ్లింది. అప్పుడు దేశంలో కొరత ఉందని ఎవరూ సదస్సులు పెట్టి నిరూపించాల్సిన అవసరం రాలేదు. నైపుణ్యానికి నిజంగా అంత కరువుంటే దాని ధర, అంటే కొత్తగా చేరేవాడి జీతం, ఆకాశాన్నంటాలి. ఏమైంది? 2010 ప్రాంతంలో పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్‌కు ఏడాదికి మూడు లక్షలు, ఆపైన కొంచెం ఇచ్చేవాళ్లు. 2020 దాటాక కూడా మామూలు ఫ్రెషర్‌కు అవే కంపెనీలు ఇస్తున్నది 3.3 నుంచి 3.6 లక్షలు. ఈ మధ్యకాలంలో ధరలేమీ ఆగలేదు. 2012ను 100గా పెట్టుకున్న వినియోగదారుల ధరల సూచీ 2024లో 190కి చేరింది. అంటే కొత్తవాడి అసలు జీతం దాదాపు సగమైంది. ఇన్ఫోసిస్‌లో ఒకప్పుడు పెద్ద పదవుల్లో ఉన్న మోహన్‌దాస్ పాయ్ కూడా ఈ విషయాన్ని చాలాసార్లు బహిరంగంగా తప్పుపట్టారు. ఆయనేమీ కార్మిక నాయకుడు కాదు.

2023 ఫిబ్రవరిలో జరిగింది గుర్తుచేసుకుంటే ఈ కొరత కథలో ఇంకో పొర విప్పుకుంటుంది. అదనపు శిక్షణ పూర్తిచేస్తే ఏడాదికి 6.5 లక్షలని విప్రో కొందరు పిల్లలకు ఆశ చూపింది. వాళ్లు శిక్షణ పూర్తిచేశారు. తీరా చేర్చుకునే వేళకు, 3.5 లక్షలకైతే వెంటనే చేరొచ్చని ఈమెయిల్ పంపింది. అమెరికాలో మాంద్యం భయం, ప్రాజెక్టులు తగ్గాయి, కారణాలు ఉండొచ్చు. కానీ ఆ పిల్లల్లో లోపించిన నైపుణ్యం ఏది? కంపెనీ అడిగిందే నేర్చుకున్నారు, కంపెనీ పెట్టిన పరీక్షే పాసయ్యారు. ఇంకా చాలామంది ఆఫర్ లెటర్ చేతబట్టుకుని, పెద్ద పెద్ద కంపెనీల గుమ్మం ముందు ఏడాదికి పైగా పడిగాపులు కాశారు. కొరత ఉన్న సరుకును ఎవరైనా గుమ్మం బయట అంతకాలం నిలబెడతారా?

‘ఉద్యోగాలున్నాయి’ అన్న మాట కూడా అంతే. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో వేసిన నివేదిక చూడండి. 2022లో డిగ్రీ చదివిన యువతలో నిరుద్యోగం 29.1 శాతం, చదవడం రాయడం రానివాళ్లలో 3.4 శాతం. చదువు పనికిరాదనడానికి ఇదే రుజువని కొందరు చంకలు గుద్దుకున్నారు. చదువు రానివాడికి ఖాళీగా ఉండే స్తోమత లేదు, ఏది దొరికితే అది చేస్తాడన్న మాట మరిచారు. తెలంగాణలో గ్రూప్–4 కింద ఎనిమిది వేల పైచిలుకు పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు చేశారు. సిలబస్ మారిస్తే ఆ ఎనిమిది వేలు ఎనభై వేలు కావు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలావాటి పరిస్థితి సిగ్గుచేటు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీల సంఖ్య ఏడు వందలు దాటింది. తనిఖీ రోజున పక్క కాలేజీ నుంచి అరువు తెచ్చిన అధ్యాపకులు, తాళం తియ్యని ల్యాబులు, అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొనుక్కున్న ఫైనలియర్ ప్రాజెక్టులు మనకు కొత్తేమీ కాదు. వాటిని మూయించాల్సిందే, బాగుచెయ్యాల్సిందే. కానీ వాటి పాపాన్ని అడ్డం పెట్టుకుని కంపెనీలు తప్పించుకుంటానంటే కుదరదు. ఎందుకంటే కాలేజీ ఏం నేర్పిందన్నది కంపెనీలు ఎప్పుడూ పట్టించుకోలేదు. మెకానికల్ చదివినవాణ్ణి, సివిల్ చదివినవాణ్ణి, కెమికల్ చదివినవాణ్ణి వేలకు వేలుగా తీసుకుపోయి కోడింగ్‌లో కూర్చోబెట్టింది ఎవరు? క్యాంపస్‌కు వచ్చి వాళ్లు పెట్టిన పరీక్షలో థర్మోడైనమిక్స్ లేదు. గడియారం ముళ్ల మధ్య కోణమెంత, రైలు వంతెన దాటడానికి ఎంత సేపు పడుతుంది, ఇవీ ప్రశ్నలు. చురుకైన బుర్ర ఉంటే చాలు, మిగతాది మేం నేర్పుకుంటాం అన్నది అప్పటి ఒప్పందం. మైసూరులో ఇన్ఫోసిస్ కట్టిన శిక్షణ నగరం ఆ ఒప్పందానికి గుర్తు. నాలుగైదు నెలల పాటు జీతమిచ్చి, తిండి పెట్టి, పాఠం చెప్పేవాళ్లు. ఆ పద్ధతి పనిచేసింది కాబట్టే పరిశ్రమ అంత ఎదిగింది.

తర్వాత తర్వాత లెక్క మారింది. నేర్పడమెందుకు దండగ, నేర్చుకునే రమ్మందాం అన్న ఆలోచన వచ్చింది. ఆ ఖర్చు ఎక్కడికి పోయిందో చూడాలంటే ఒక సాయంత్రం హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో నడవండి. బోర్డు మీద బోర్డు, దాని మీద ఫ్లెక్సీ: జావా, పైథాన్, డెవాప్స్, పవర్ బీఐ, శాప్, సేల్స్‌ఫోర్స్. కరపత్రాలు పంచే కుర్రాడు చేతిలో నాలుగు కాగితాలు పెట్టనిదే కదలనివ్వడు. డెమో క్లాసు ఉచితం, ఆ తర్వాత కోర్సును బట్టి వేలల్లో ఫీజు. హాస్టల్ గదిలో మూడో మంచం, నాలుగో మంచం ఖాళీ ఉందంటూ ఇంకో కాగితం. ఆదిలాబాద్ నుంచి, అనంతపురం నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలు కర్రీ పాయింట్‌లో పప్పు, వేపుడు కట్టించుకుని, గదిలో అన్నం వండుకుని, రాత్రి పన్నెండు దాకా కోడ్ రాస్తుంటారు. బీటెక్‌కు నాలుగేళ్లు డబ్బు కట్టిన నాన్న ఇప్పుడు అయిదో ఏడు కూడా పంపిస్తున్నాడు. కంపెనీ జేబులోంచి పోవాల్సిన శిక్షణ ఖర్చు, ఎక్కడో రెండెకరాల మెట్ట పొలం మీద అప్పుగా కూర్చుంది. అంత ఖర్చు పెట్టిన వాణ్ణి పట్టుకుని ‘జాబ్ రెడీ’ కాదంటున్నారు.

అక్కడితో అయిందా? ‘ఫ్రెషర్లకు అవకాశం, రెండేళ్ల అనుభవం తప్పనిసరి’ అన్న తరహా ప్రకటనలు చూడనివాళ్లు ఆ సందుల్లో ఎవరూ ఉండరు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగముంటేనే అనుభవం. ఈ ముడి విప్పడానికి నిజాయతీగా దారి లేకపోయేసరికి బజారు తన దారి తాను చూసుకుంది. రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ‘పెట్టించే’ కన్సల్టెన్సీలు, లేని కంపెనీల పే స్లిప్పులు, ఇంటర్వ్యూలో వెనక నుంచి జవాబులందించే ప్రాక్సీలు, లక్షలు గుంజి రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసే బ్యాక్‌డోర్ బ్రోకర్లు. అమెరికాలో ఎంఎస్ చేసిన మనవాళ్ల రెజ్యూమెలకు కూడా కొన్ని కన్సల్టెన్సీలు ఇదే వైద్యం చేస్తాయి. మోసం మోసమే, సమర్థించను. కానీ ఈ మోసానికి గిరాకీ పుట్టించిన షరతు రాసింది పిల్లలు కాదు.

కమ్యూనికేషన్ స్కిల్స్ లేవన్న ఫిర్యాదును రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. ఇక్కడ కమ్యూనికేషన్ అంటే ఇంగ్లీషు, అదీ కార్పొరేట్ స్కూలు ఇంగ్లీషు. జడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం చదివి, టెక్నికల్ రౌండు దాటిన పిల్ల హెచ్‌ఆర్ రౌండులో ఆగిపోతుంది. మూడు నెలలు ఆఫీసు వాతావరణంలో ఉంటే ఆ ఇంగ్లీషు దానంతటదే వస్తుందని ప్రతి టీమ్ లీడ్‌కూ తెలుసు. చాలామంది టీమ్ లీడ్‌లకు వచ్చింది కూడా అలాగే.

ఇప్పుడు హైదరాబాద్ వదిలి విజయవాడ పోదాం. జవహర్ ఆటోనగర్. లారీకి బాడీ కట్టడం దగ్గర్నుంచి డీజిల్ పంపు విప్పి నాజిల్ సెట్ చెయ్యడం దాకా అక్కడ దొరకని పనితనం లేదు. ఆ షెడ్లలో ఉండేది ఒక మేస్త్రి, ఇద్దరు ముగ్గురు పనివాళ్లు, ఒక కొత్త కుర్రాడు. మొదట్లో వాడి పని కిరసనాయిలులో సామాను కడగడం, టీ తేవడం. ‘ఒరేయ్, పదహారు–పదిహేడు పానా అందుకో’ అంటే ఏది పదహారో తడమకుండా అందించడమే వాడి మొదటి పరీక్ష. తర్వాత బోల్టు విప్పనిస్తారు. విప్పింది మళ్లీ బిగించనిస్తారు. ‘ఇంజను చప్పుడు విను, ఏ సిలిండర్ కొట్టడం లేదో చెప్పు’ అని మేస్త్రి అడిగిన రోజు వాడు మెకానిక్ అయినట్టు. మార్జిన్ అంతంతమాత్రమైన షెడ్డు యజమాని, రేపు వీడే పక్క సందులో సొంత షెడ్డు పెట్టుకుంటాడని తెలిసి కూడా నేర్పుతాడు. దేశంలో ఇంతమందికి నైపుణ్యం లేదని ఏనాడూ వాపోడు. దీన్ని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అక్కడ పిల్లలకిచ్చే డబ్బు చాలా తక్కువ, కంటికి అద్దం, చేతికి తొడుగు ఉండవు, దెబ్బ తగిలితే దిక్కుండదు. నా ప్రశ్న వేరే. చిన్న షెడ్డు చెయ్యగలిగిన పని, వేల కోట్ల లాభం చూపించే కంపెనీ ఎందుకు చెయ్యలేదు?

చెయ్యగలదని మన హైదరాబాద్ చరిత్రే చెబుతోంది. సోవియట్ సహాయంతో బాలానగర్ దగ్గర ఐడీపీఎల్ పెట్టినప్పుడు మనకు బల్క్ డ్రగ్స్ తయారీ తెలిసినవాళ్లు ఎంతమంది? కెమిస్ట్రీ చదివినవాళ్లను తీసుకుని, రియాక్టర్ ముందు నిలబెట్టి నేర్పారు. కె.అంజిరెడ్డి 1969 నుంచి 1975 దాకా అక్కడ పనిచేసి, ఆపైన సొంత ప్రయత్నాలు చేసి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చిన ఇంకెందరో ఈ నగరాన్ని మందుల రాజధాని చేశారు. ఐడీపీఎల్ నష్టాల్లో మునిగి మూతపడింది. దాని లెక్కల పుస్తకంలో ఈ మనుషుల విలువ ఎక్కడా రాయలేదు. బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, లాలాగూడ రైల్వే వర్క్‌షాప్, విశాఖ షిప్‌యార్డ్ అప్రెంటిస్‌లుగా తీసుకుని తీర్చిన ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లే తర్వాత జీడిమెట్లలోనూ, గాజువాకలోనూ చిన్న చిన్న ప్రైవేటు షాపులకు పెద్దదిక్కయ్యారు. ప్రైవేటు పరిశ్రమ చాలాకాలం ప్రభుత్వ రంగం నేర్పిన పనితనం మీద బతికింది. ఆ బావి ఎండిపోయాక, నీళ్లెక్కడని అరుస్తోంది.

జర్మనీ పేరెత్తడం మన సదస్సుల్లో ఆనవాయితీ. అక్కడ శ్రామికుల్లో 75 శాతం మందికి లాంఛనంగా శిక్షణ ఉంది, కొరియాలో 96, మనకు 4.69 అని 2015 జాతీయ నైపుణ్య విధానంలో రాసుకున్నారు. ఆ అంకె ప్రతి ఉపన్యాసంలోనూ తిరుగుతుంది. ఆటోనగర్ మేస్త్రి నేర్పింది ఆ 4.69లోకి రాదన్న సంగతి అలా ఉంచండి. జర్మనీలో ఆ శిక్షణ ఎక్కడ జరుగుతుందో మాత్రం వేదిక మీద ఎవరూ చెప్పరు. వారంలో ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాల, మిగిలిన రోజులన్నీ కంపెనీలో. అలా మూడేళ్లు, మూడున్నరేళ్లు. కంపెనీలో ఉన్నంతకాలం భత్యం ఇచ్చేది కంపెనీయే. నేర్పే మనిషిని పెట్టుకునేదీ అదే. మనవాళ్లు జర్మనీ నుంచి అంకెను తెచ్చుకున్నారు గానీ బిల్లు ఎవరు కడతారన్న వివరాన్ని ఎయిర్‌పోర్టులోనే వదిలేశారు.

అప్రెంటిస్‌ల చట్టం మనకూ 1961 నుంచే ఉంది. ముప్ఫై మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైనవాడికి నెలకు కనీసం 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 ఇవ్వాలన్నారు. పెట్టుకోకపోతే? పాత చట్టంలో జైలు శిక్ష కూడా ఉండేది. 2014 సవరణలో అది తీసేశారు. తక్కువైన ఒక్కో అప్రెంటిస్‌కు మొదటి మూడు నెలలు నెలకు 500, ఆ తర్వాత నెలకు 1,000 రూపాయలు జరిమానా కట్టాలన్నారు. లెక్క మీరే వేసుకోండి. చట్టాన్ని పాటిస్తే ఏడు వేలు, ఉల్లంఘిస్తే వెయ్యి. ఇలాంటి చట్టం రాసి, ఆపైన పిల్లలకు నైపుణ్యం లేదని బాధపడటం మన ప్రభుత్వాలకే చెల్లింది.

అప్రెంటిస్‌లను పెట్టుకున్న చోట కూడా చాలాసార్లు జరిగేది వేరు. ఐటీఐలో ఫిట్టర్ చదివిన కుర్రాణ్ణి తీసుకొచ్చి, కన్వేయర్ పక్కన ఒకే స్క్రూ బిగించే చోట నిలబెడతారు. ఏడాదయ్యాక సర్టిఫికెట్ ఇచ్చి పంపేసి ఆ చోట ఇంకొకణ్ణి పెడతారు. అసలు ఫ్యాక్టరీలలోనే శాశ్వత కార్మికుడు తగ్గిపోతున్నాడు. వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం 2022–23లో ఫ్యాక్టరీ కార్మికుల్లో 40 శాతానికి పైగా కాంట్రాక్టు వాళ్లే. పదకొండో నెలలో పంపేసే మనిషికి ఏ యజమాని మాత్రం మెళకువలు నేర్పుతాడు? రేపు ఉంటాడో లేదో తెలియని చోట ఏ కార్మికుడు మాత్రం మనసు పెట్టి నేర్చుకుంటాడు? మనిషిని నిలుపుకోనివాళ్లు పనితనం నిలవడం లేదని ఏడవడం ఆడలేక మద్దెల ఓడనడమే.

యజమానుల వైపు నుంచి వచ్చే గట్టి వాదన ఒకటుంది. ‘మేం డబ్బు పెట్టి నేర్పుతాం, ఆర్నెల్లు తిరక్కుండా వాడు పక్క కంపెనీకి పోతాడు. నష్టం మాకు, లాభం వాళ్లకు.’ ఇది అబద్ధం కాదు. కానీ దీనికి కంపెనీలు కనిపెట్టిన మందు బాండు. రెండేళ్లలోపు మానేస్తే ఇన్ని లక్షలు కట్టాలని ఇరవై రెండేళ్ల పిల్లవాడి చేత సంతకం పెట్టించుకోవడం, కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టుకోవడం, మూడు నెలల నోటీసు పీరియడ్. మంచి జీతమిస్తే ఉండేవాణ్ణి కాగితంతో కట్టేసి ఉంచుతున్నారు. అసలు పక్క కంపెనీవాడు ఎత్తుకుపోతాడన్న భయానికి విరుగుడు మిగతా ప్రపంచం ఎప్పుడో కనిపెట్టింది. అందరి దగ్గరా వసూలు చేసి, నేర్పినవాడికి తిరిగి ఇవ్వడమే అది. బ్రెజిల్‌లో 1942 నుంచి పరిశ్రమలు జీతాల బిల్లు మీద చెల్లించే సొమ్ముతోనే సెనాయ్ శిక్షణ సంస్థలు నడుస్తున్నాయి. బ్రిటన్ 2017 ఏప్రిల్ నుంచి 30 లక్షల పౌండ్లు దాటిన జీతాల బిల్లు మీద అర శాతం అప్రెంటిస్ సుంకం వేసింది. అక్కడ చాలా కంపెనీలు ఆ సొమ్మును కుర్రాళ్ల మీద కాకుండా ఉన్న మేనేజర్ల కోర్సులకు మళ్లించాయన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. మనం వేసేటప్పుడు ఆ కన్నం పూడ్చి వేద్దాం. నేర్పనివాడు కడతాడు, నేర్పేవాడు తీసుకుంటాడు. అప్పుడు ఎత్తుకుపోవడం లాభసాటి వ్యాపారం కాదు. చిన్న పరిశ్రమలను ఈ సుంకం నుంచి వదిలేసి, ఆటోనగర్ షెడ్డుకు కూడా ఆ నిధిలోంచి సాయమిస్తే కుర్రాడి కంటికి అద్దమూ వస్తుంది.

అలా కాకుండా మన ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? యజమాని చెయ్యాల్సిన ఖర్చును తామే నెత్తినేసుకుంటున్నాయి. 2024 అక్టోబరులో మొదలుపెట్టిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో పిల్లలకు నెలకు ఇస్తామన్నది అయిదు వేలు. అందులో దేశంలోని అతిపెద్ద కంపెనీల వాటా 500 రూపాయలు, అదీ సామాజిక బాధ్యత కింద ఎలాగూ ఖర్చు పెట్టాల్సిన నిధుల్లోంచే. మొదటి విడతలో 82 వేల ఆఫర్లిస్తే ఒప్పుకున్నవాళ్లు 28 వేలు. ఊరు కాని ఊళ్లో అయిదు వేలతో ఎలా బతకాలో ఆ పిల్లలకు లెక్క వచ్చు, ఢిల్లీలో పథకం రాసినవాళ్లకే రాలేదు. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది. ముప్ఫై ఏళ్ల నాటి లేత్‌ల స్థానంలో సీఎన్‌సీ యంత్రాలు, రోబోలు రావడం మంచిదే, పేద పిల్లలు చదివే చోట డబ్బు పెట్టడం ఇంకా మంచిది. కానీ అక్కడ నేర్చుకుని వచ్చినవాడికి మొదటి నెల జీతం పదిహేను వేల చుట్టే తిరిగితే, వాడు ఆ రోబోను వదిలి బైకు మీద బిర్యానీ డెలివరీకి పోతాడు. అప్పుడు మళ్లీ ‘పిల్లలు కష్టపడరు’ అని ఇంకో నివేదిక వస్తుంది.

అమెరికాలోనూ ఇదే పాట నడిచింది. వార్టన్ బిజినెస్ స్కూలు ప్రొఫెసర్ పీటర్ కపెల్లి 2012లో దాని మీద ఒక పుస్తకమే రాశారు. కంపెనీలు శిక్షణ మానేశాయి, ఇచ్చే జీతం పెంచవు, చేరిన రోజు నుంచే పని చేసే మనిషి కావాలంటాయి, దొరక్కపోతే కొరత అంటాయి అన్నది ఆయన వాదన. బిజినెస్ స్కూలు నుంచి వచ్చిన మాట కాబట్టి మన పారిశ్రామిక సంఘాలకు కాస్త రుచించాలి.

తెలుగు రాష్ట్రాల చేతిలో ఒక పిడి ఉంది, దాన్ని పట్టుకోవడం లేదంతే. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వడానికి ఒప్పుకుంది. 12 వేల ఉద్యోగాలొస్తాయన్నారు. తర్వాత కాగ్నిజెంట్‌కూ అదే ధర. కంపెనీలు రావాలి, రానివ్వండి. కానీ కోట్ల విలువైన భూమిని పైసలకు ఇస్తున్నప్పుడు బదులుగా ఏదైనా అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంది. ఇదే రాష్ట్రం 2019లో స్థానికులకు 75 శాతం ఉద్యోగాల చట్టం చేసినప్పుడు అందులో ఒక నిబంధన పెట్టింది. అర్హులైన స్థానికులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి యజమానులే వాళ్లకు మూడేళ్లలో శిక్షణ ఇప్పించాలన్నది ఆ నిబంధన. 75 శాతం సంగతి మీద రాజ్యాంగం, కోర్టు, పెట్టుబడులు పారిపోతాయన్న భయం అంటూ పుట్టెడు చర్చ జరిగింది. ఆ చట్టం మొత్తంలో పనికొచ్చే వాక్యం ఏదైనా ఉంటే అది ఆ శిక్షణ నిబంధనే, దాని గురించి మాట్లాడిన గొంతు నాకు వినపడలేదు.

కాబట్టి ఈసారి మీ జిల్లాకు ఒక కంపెనీ వస్తోందని, ఇన్ని వేల కోట్లని, ఇన్ని వేల ఉద్యోగాలని ఎమ్మెల్యేగారు చెబితే చప్పట్లు కొట్టే ముందు భూమి కేటాయించిన జీవో చూపించమనండి. ఏడాదికి ఎంతమంది కొత్తవాళ్లను తీసుకుంటారో, మొదటి నెల జీతమెంతో, ఎన్ని నెలలు కంపెనీ ఖర్చుతో, కంపెనీ వేళల్లో, బాండు లేకుండా పని నేర్పుతారో అందులో రాశారా అని అడగండి. రాయకపోతే రాయించమనండి. రాసి కూడా చెయ్యకపోతే భూమి వెనక్కి తీసుకోమనండి.